జమ్ముకు అటూ ఇటూ

మే 28

బావగారికి నమస్కారాలు.

మీ చెవులకు ఫోను పనికిరాదు, నా గొంతుకు నెమ్మది పనికిరాదు. కాబట్టి మనిద్దరికీ ఉత్తరమే గతి. మా అమ్మాయిని మీ అబ్బాయికి ఇచ్చిన ఈ మూడేళ్ళలో మీకు రాసినన్ని ఉత్తరాలు నా జన్మలో ఇంకెవరికీ రాయలేదు. వియ్యంకుడంటే ఇంత చాకిరీ అని ముందే తెలిస్తే కాస్త చెవులు వినపడే సంబంధం చూసుకునేవాణ్ణి. మీకు నవ్వు రాకపోతే ఈ ముక్క చెల్లెమ్మకి చూపించండి, ఆవిడ నవ్వుతుంది.

ఇక అసలు సంగతి. వర్షాలు దగ్గరకొస్తున్నాయి, నాకు గుండెల్లో రాయి పడింది. పోయినేడు నా బైండింగ్ షాపులోకి వాగు వచ్చిన సంగతి మీకు తెలుసు. వచ్చింది ఎదురుగా కాదండీ, వెనక నుంచి. వీధి వంతెన దాటగానే వాగులో జమ్ము గడ్డి మొదలవుతుంది కదా. మనిషెత్తున పెరిగి, రెండు గట్ల నుంచీ మధ్యకు జరుగుతూ జరుగుతూ, వాగుకు సందంత దారి మిగిల్చింది. అక్కడిదాకా హాయిగా వచ్చిన నీళ్ళు జమ్ములో చొరబడలేక, వెనక్కి ఎగదన్ని, మా వెనక గుమ్మం ఎక్కాయి. మోకాళ్ళ లోతు. కుట్టి పెట్టిన పుస్తకాలు ఉబ్బి దిళ్ళయ్యాయి. కాగితాలు కోసే కోత మిషను అడుగున తుప్పు ఇంకా గీకుతూనే ఉన్నాను. ఇంకొక్కసారి ఇలా అయిందంటే షాపుకు తాళం వేసి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోవడమే. ఈ వయసులో ఇంకోచోట మొదలుపెట్టే ఓపిక నాకు లేదు.

మున్సిపాలిటీ వాళ్ళు జమ్ము మొత్తం కొట్టించడానికి ఒప్పుకున్నారు. ఈ ఏడు కోత, ఆ తర్వాత మిషను పెట్టి వేళ్ళతో సహా పెకిలించడం. అయితే గట్టు మీద ఇళ్ళున్నవాళ్ళ అంగీకారం కావాలట. మా వీధిలో అందరూ సంతకాలు పెట్టేశారు. కింద వైపు, జమ్ము అయిపోయే చోట, వాగును ఆనుకుని ఉన్నది మీ ఇల్లొక్కటే. కాగితం దీనితో పంపుతున్నాను. అడుగున ఒక సంతకం గీకి తిరుగు టపాలో పంపండి, అంతే.

అమ్మాయిని ఆదివారం ఫోను మరిచిపోవద్దని చెప్పండి.

మీ బావ,
అట్టలాయన


జూన్ 4

బావగారికి,

అందరం కులాసా. మీ చెల్లెలు మీరు రాసిన ముక్కకి నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ, ఆవిడ నవ్వడం చూసి నవ్వాను.

కాగితం ముందు పెట్టుకునే కూర్చున్నాను. కానీ ఇప్పుడు జమ్ములో పిట్టలు గూళ్ళు కట్టాయి బావగారూ. పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. అవి ఎగిరిపోయేదాకా ఆగితే ఎలా ఉంటుందా అని ఒక ఆలోచన.

ఈ మధ్య నాకు వాగుతో స్నేహం కుదిరింది. మిల్లులో మగ్గాల మోతకి చెవులు పోగొట్టుకున్నానే గానీ, ఏ మగ్గానికి ఏ రోగమో అరచేత్తో తాకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు మా పెరటి వెనక ఉన్న కాలిబాట వంతెన కమ్మీ మీద చెయ్యి వేస్తే వాగు నాడి దొరుకుతుంది. జమ్ము దాటి వచ్చిన నీళ్ళు దారిలో నలుగురినీ పలకరించి వచ్చిన పెద్దమనిషిలా తీరిగ్గా వస్తాయి. కమ్మీ కదలదు. పొద్దున్నే అక్కడ కాసేపు నిలబడితే మనసుకు బాగుంటుంది.

ఇంకో చిన్న మాట. నా చెప్పు తెగింది. మీ షాపులో మైనం పట్టించిన దారం ఉంటుందటగా. ఒక ఉండ పంపితే కుట్టుకుంటాను.

మీ బావ,
చెవిటి మిల్లు


జూన్ 9

బావగారికి,

దారం పంపుతున్నాను. తెగిన చెప్పుకు బైండింగ్ దారం! ఈ దారంతో కుట్టిన పుస్తకం మీ మనవళ్ళ మనవళ్ళు చదువుకోవచ్చు, మీరేమో దాన్ని కాళ్ళకింద పెడుతున్నారు. సరే, వియ్యంకుడి కాళ్ళే కదా. కుట్టేటప్పుడు మూరెడు కంటే ఎక్కువ తీయకండి, మెలికలు పడుతుంది. సూది దూర్చేముందు మొలతో బెజ్జం వేసుకోండి. బెజ్జం సూది కంటే సన్నగా ఉండాలి, అప్పుడే దారం బిగుస్తుంది. లాగేటప్పుడు పక్కకు లాగాలి, పైకి లాగితే కాగితం చీరుకుపోతుంది. చెప్పయితే చిరగదులెండి, అలవాటుకొద్దీ రాసేశాను.

అమ్మాయి చిన్నప్పుడు ఇవన్నీ నేర్పమని నా వెనకే తిరిగేది. జిగురు గిన్నె ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. ‘‘పో, పోయి చదువుకో’’ అని తరిమేవాణ్ణి. నా గోళ్ళు చూశారుగా, వాటిలో జిగురు చచ్చినా పోదు. ఈ పని నాతో సరి. తను బడి లైబ్రరీలో కుర్చీలో కూర్చుని, ఫ్యాను కింద ఉద్యోగం చేసుకుంటోంది, నాకది చాలు.

మొన్న ఒక పెద్దాయన తన జీవితమంతా రాసి తెచ్చాడు. అంచు నుంచి అంచు దాకా అక్షరాలే. ‘‘ఎక్కడ కుట్టమంటారండీ? ఎడమవైపు వేలెడు ఖాళీ వదలాలని తెలీదా?’’ అన్నాను. ‘‘జీవితంలో ఖాళీ ఎక్కడుంది బాబూ’’ అన్నాడు. ఏమంటాం!

పిట్టల సంగతి. వాటికి రెక్కలున్నాయి, ఎక్కడికైనా పోతాయి. నా కోత మిషనుకు రెక్కల్లేవు. మీనమేషాలు లెక్కపెట్టకుండా సంతకం పెట్టి పంపండి. వర్షం మీ కోసమూ నా కోసమూ ఆగదు.

మీ బావ,
అట్టలాయన


జూన్ 17

బావగారికి,

దారం అందింది. చెప్పు బ్రహ్మాండంగా కుదిరింది. పక్కకు లాగమన్న మాట ఎంత పనికొచ్చిందో!

మొన్న మీ మున్సిపాలిటీ నుంచి కాలువల ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న పిల్ల, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, సంచీ నిండా నారింజ పళ్ళు. పైన మీ వంతెన దగ్గర ఒక మనిషి పళ్ళు నీళ్ళలో వదిలితే, అవి మా వంతెనకు ఎప్పుడొస్తాయో ఈవిడ చూసుకుంటుందట. నీళ్ళ వేగం అలా కొలుస్తారట. నారింజ సగం మునిగి సగం తేలుతుంది కాబట్టి గాలి మాట వినదు, నీటి మాటే వింటుందట. మేమిద్దరం వంతెన మీద కూర్చుని ఎదురుచూశాం. కొన్ని జమ్ములో ఇరుక్కుని అక్కడే కాపురం పెట్టాయి. మిగిలినవి ఎప్పటికో, ఎండలో ఊగుకుంటూ వచ్చాయి. మీ చెల్లెలు వాటిని పట్టి, కడిగి, ఒలిచి మా ఇద్దరికీ పెట్టింది.

నాకు వినపడదని ఆ పిల్ల ఓపిగ్గా కాగితం మీద రాసి చెప్పింది. అదే మీకు రాస్తున్నాను. జమ్ము నీళ్ళను ఆపదట, నెమ్మదింపజేస్తుందట. నెమ్మదిగా నడిచే నీళ్ళకు ఎక్కువ చోటు కావాలి. అందుకని పైన మీ దగ్గర మట్టం పెరుగుతుంది, కిందికి మాకు కొంచెం కొంచెంగా వస్తుంది. మొత్తం కొట్టేస్తే మీ దగ్గర మట్టం దిగుతుంది. ఆ నీళ్ళన్నీ ఒక్క పెట్టున మా మీదికొస్తాయి. పెద్ద వరదలో జమ్ము నీళ్ళకింద పడుకుంటుందట, అయినా వేళ్ళు గట్టు మట్టిని వదలవట. మధ్యలో ఒక దారి మాత్రం కొట్టి, రెండు అంచులూ వదిలేస్తే ఇద్దరికీ కొంత మేలు అని కూడా రాసింది. నాకు ఆ మాట నచ్చింది. మీరేమంటారు?

గోడకు కాగితం అంటిస్తున్నాను. మీ జిగురుకు బూజు పట్టకుండా, పురుగు కొట్టకుండా ఏం కలుపుతారు? వీలైతే దారం ఇంకో రెండు ఉండలు. రెండో చెప్పు కూడా తెగేలా ఉంది.

మీ బావ,
చెవిటి మిల్లు


జూన్ 22

బావగారికి,

దారం పంపాను. మూడు ఉండలతో ఊరందరి చెప్పులూ కుట్టొచ్చు. మీకేమైనా వెయ్యి కాళ్ళున్నాయా?

జిగురు: మైదాపిండిని ముందు చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలుపుకోవాలి, తర్వాతే పొయ్యి మీద పెట్టాలి. ఉడుకుతుండగానే చిటికెడు పటిక, రవ్వంత మైలుతుత్తం వేయాలి. దించాక వేస్తే కలవదు. మైలుతుత్తం విషం, ఆ గిన్నె వంటింట్లోకి పోనివ్వకండి, చేతులు కడుక్కోండి. గరిటె నుంచి జారితే తెగకుండా జారాలి. పలచనైతే కాగితం తాగేస్తుంది, చిక్కనైతే ఎండి పగులుతుంది. బ్రష్షు ఎప్పుడూ మధ్య నుంచి అంచులకు. ఇది నేను ఎవరికీ చెప్పని సంగతి. గోడకు వాడుతున్నారని తెలిసీ చెప్పాను, అదీ మీరంటే నాకున్న గౌరవం.

మరి నేనంటే మీకు? పిట్టలన్నారు. నారింజలన్నారు. అడిగింది ఒక్క సంతకమైతే మీరు నెల రోజులుగా నీళ్ళు నములుతున్నారు. ‘‘మా మీదికొస్తాయి’’ అంటున్నారు, మీ ఇల్లు ఎత్తు మీద లేదూ? ముందు గది మూడు మెట్లెక్కితే గానీ రాదు. పోతే మీ పెరట్లో నాలుగు పూలమొక్కలు తడుస్తాయి. నాకిక్కడ అన్నం పెట్టే షాపు పోతుంది. మధ్యలో దారి, అంచులు వదిలేయడం, ఈ సగం సగం మాటలు నా దగ్గర వద్దు. సగం కుట్టిన పుస్తకం ఎవడైనా తీసుకుంటాడా?

నేను దారిన పోయేవాణ్ణి అడగలేదు బావగారూ, పిల్లనిచ్చిన చోట అడిగాను. నా కూతుర్నే మీ ఇంటికి పంపినవాణ్ణి, నాకు మీ పేరు రాసిన సిరా చుక్క పంపలేరా?

ఇంతకంటే రాస్తే నాకే బాగుండదు.

అట్టలాయన


జూన్ 27

బావగారికి,

సంతకం పెట్టిన కాగితం దీనితో ఉంది.

మీ ఉత్తరం కోడలు చదివింది. దాచుదామనే చూశాను, నా మొహం చూసి లాక్కుంది. రెండుసార్లు చదివింది. తర్వాత నాకు అర్థమయ్యేలా పెదాలు కదుపుతూ, ‘‘నాన్నకి ఆ షాపు తప్ప ఇంకేముంది మామయ్యా? పెట్టేయండి’’ అంది. కలం కూడా తనే తెచ్చిచ్చింది.

జిగురు చాలా బాగా వచ్చింది.

మీ బావ


జూలై 24

బావగారికి వెయ్యి నమస్కారాలు!

గెలిచాం! మొన్న జమ్ము కొట్టారు, నిన్న తెల్లవార్లూ వాన. పొద్దున్నే లాంతరు పట్టుకుని వెనక గది తలుపు తీశాను. నేల పొడి! అరచెయ్యి పెట్టి చూశాను, పొడి! మా వెనక వాగు ఎలా ఉందనుకున్నారు, తాడు తెంచుకున్న దూడలా ఉరకలేస్తూ పోతోంది. వెనక్కి తిరిగి చూసే తీరికే లేదు దానికి. పోయినేడు ఇంతకంటే చిన్న వానకే మునిగాను.

కోత మిషను మీద కూర్చుని టీ తాగాను. పక్క షాపు టైలరు వచ్చి ‘‘ఏంటి మాస్టారూ, పెళ్ళికొడుకులా ఉన్నారు’’ అన్నాడు. మా బావగారి సంతకం మహిమ అని చెప్పాను. పోయిన ఉత్తరంలో కాస్త నోరు జారాను, మనసులో పెట్టుకోకండి. నా కోపం పాల పొంగు, మీకు తెలుసు. మీరు నిమ్మకు నీరెత్తినట్టు ఉంటారు కాబట్టి సరిపోయింది, ఇద్దరం ఒకేలాంటివాళ్ళమైతే ఈ సంబంధం మొదటి ఉత్తరంతోనే తెగేది.

ఇదుగో, మీరడగకపోయినా ఇంకో రెండు ఉండల దారం. ఎన్ని చెప్పులైనా కుట్టుకోండి! ఇవాళ ఆదివారమైనా అమ్మాయి ఫోను చేయలేదు, లైన్లు పాడయ్యాయా?

సంతోషంతో,
మీ బావ అట్టలాయన


జూలై 27

బావగారికి,

మీ షాపు తడవనందుకు ఇక్కడ అందరం సంతోషించాం. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదు. మీ ఉత్తరం చదివి కోడలు కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఆ మాట చదువుకుని ఊపిరి పీల్చుకోండి. ఆ వాన రోజున పొద్దున కమ్మీ మీద చెయ్యి వేస్తే, బోల్టులు ఊడిన మగ్గంలా అదిరిపోతోంది. నాకు సంగతి అర్థమైంది. ఇంట్లోకి పరుగెత్తి అందరినీ లేపేలోపే వాగు పెరడు దాటింది. గట్టు ఒక ముక్క విరిగి పడిపోయింది. ముందు గది ఎత్తు మీద ఉంది, నిజమే. వెనక గది పల్లంలో ఉంది. మీరెప్పుడు వచ్చినా ముందు గదిలోనే కూర్చోబెట్టాం, వెనక గది తలుపు తాళం వేసి ఉంచాం. అది ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

ఏడాదిగా మింగలేక కక్కలేక ఉన్నాను. ఆ దారం నా చెప్పులకు కాదు బావగారూ. ఆ జిగురు మా గోడకూ కాదు. కోడలు మా వెనక గదిలో బైండింగ్ చేస్తోంది. మొదట లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు ఇంటికి తెచ్చి అతికించేది. చూసి ఇంకో బడివాళ్ళు ఇచ్చారు, తర్వాత కోర్టు దగ్గర ఉండే ప్లీడరు ఇచ్చాడు. పాత ఇనుప ప్రెస్సు ఒకటి దొరికితే మరలు నేనే బాగుచేశాను. చిన్నప్పుడు మీ గుమ్మం దగ్గర నిలబడి చూసిందే తన చదువు. తెలియనిదల్లా నా చేత మిమ్మల్ని అడిగించింది. మీ ఉత్తరం నేను చదవగానే పని నేర్పిన భాగం ఆత్రంగా చదువుకునేది. మంచి పుస్తకం ఒకటి, తప్పు పట్టడానికి వీల్లేనిది, తయారుచేసి మీ చేతిలో పెట్టాకే చెప్పాలని నా చేత ఒట్టు వేయించుకుంది. ‘‘ముందే తెలిస్తే మానేయమంటాడు మామయ్యా, నాన్న మాట నేను తీసేయలేను’’ అంది.

నెల రోజుల పాటు నేను సంతకం పెట్టనిది పిట్టల కోసం కాదు. ఆ గది కోసం. అంచులు వదిలేద్దామని అందుకే అన్నాను. మీరు పిల్లనిచ్చిన మాట ఎత్తాక తనే కలం తెచ్చిచ్చింది. ఏం పోతుందో తనకు తెలుసు. ఇంజనీరమ్మ రాసిన కాగితం నాకంటే ముందు చదివింది తనే.

బడి పుస్తకాలు చాలా తడిసిపోయాయి. మీకోసం చేస్తున్న పుస్తకం కూడా.

ఇవాళ ఒట్టు తప్పాను. కోడలికి కోపం వస్తుంది. రానివ్వండి.

మీ బావ


జూలై 30

బావగారూ,

మీ ఉత్తరం ఇప్పుడే చదివాను. అమ్మాయికి ఫోను చేశాను. ‘‘చెప్పు నాన్నా’’ అంది. ఫోను పెట్టేశాను. వీధి చివరిదాకా వినపడే గొంతు నాది, మీకు తెలుసుగా.

బస్సుకు బయల్దేరుతున్నాను. ఈ ముక్క మీకు అందేసరికి నేను మీ ఇంట్లోనే ఉంటాను. అయినా రాయకుండా కాలు కదల్లేదు. తడిసిన పుస్తకాలు ఎండలో పెట్టకూడదు. పేజీలు బలవంతంగా విడదీయకూడదు. నేనొచ్చేదాకా నిలబెట్టి ఉంచాలి. ఈ మాటలు ఇప్పుడు ఎవరికి రాస్తున్నానో తెలిసి రాస్తున్నాను.


ఆగస్టు 9

బావగారికి,

క్షేమంగా చేరారనుకుంటాను. మీరు వెళ్ళాక ఇల్లు నాకు కూడా నిశ్శబ్దంగా అనిపిస్తోంది, విచిత్రం కాదూ?

మీరు వస్తూనే అరుస్తారని కోడలు భయపడింది. మీ చెల్లెలు అడ్డం నిలబడటానికి తయారుగా ఉంది. మీరేమో చెప్పులు గుమ్మంలో వదిలి, ఎవరినీ పలకరించకుండా వెనక గదిలోకి పోయారు. ఒక పుస్తకం తీసుకుని, వెన్ను మీద వేలు పెట్టి నిమిరారు. ‘‘ముడి లోపలికే వేసింది’’ అన్నారు. ఆ మాట నాకు మీ పెదాల మీద కనపడింది. తర్వాత చొక్కా చేతులు మడిచి, నేల మీద కూర్చుని, పేజీకీ పేజీకీ మధ్య పొడి కాగితం పెట్టడం మొదలుపెట్టారు. కోడలు కాసేపు నిలబడి చూసి, పక్కన కూర్చుంది. ఆ వారం రోజులూ మీరిద్దరూ అలాగే కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు, అంతసేపు మాట్లాడుకున్నట్టు కూడా నాకనిపించలేదు. అన్నానికి పిలిస్తే ఇద్దరూ ఒకేలా ‘‘ఇదొక్కటీ’’ అన్నారట, మీ చెల్లెలు ఇప్పటికీ అనుకరించి చూపిస్తోంది.

మీరున్నప్పుడు కోడలు చూపించడానికి సిగ్గుపడిన సంగతి ఒకటుంది. మీ కోసం చేస్తున్న పుస్తకం ఏదని అడిగితే దాటేసింది కదా. అది మీ ఉత్తరాలే. మూడేళ్ళుగా నాకు రాసినవన్నీ నా దగ్గర తీసుకుని వరసగా పేర్చింది. కానీ మీరు అంచు నుంచి అంచు దాకా రాస్తారు. ఊరందరికీ వేలెడు ఖాళీ వదలమని చెప్పే మనిషి! కుట్టడానికి చోటు లేక, ఒక్కో ఉత్తరానికీ ఎడమవైపు సన్న కాగితం పట్టీ అంటించి, ఆ పట్టీ మీద కుట్టింది. నెలల పని. అదే తడిసింది. సిరా అక్కడక్కడా అలుక్కుపోయింది, మీరు కోప్పడిన ఉత్తరంలో కోపం మొత్తం పోయింది. కుట్టు మాత్రం ఎక్కడా సడలలేదు.

వచ్చే నెల మిషను తెచ్చి జమ్ము వేళ్ళు పెకిలిస్తారని ఇంజనీరమ్మ చెప్పింది. కొట్టినచోట అప్పుడే పచ్చటి మొనలు వస్తున్నాయి. వేళ్ళుంటే మళ్ళీ వస్తుందట, పెకిలిస్తే రాదట.

నేను ఏమీ అడగడం లేదు. మీ షాపు మీ ఇష్టం. కోడలు కూడా అడగొద్దంది.

మీ బావ


ఆగస్టు 18

బావగారికి,

మున్సిపాలిటీకి వెళ్ళి నా అర్జీ వెనక్కి తీసుకున్నాను. గుమాస్తా కళ్ళద్దాల మీదుగా చూసి, ‘‘కొట్టమని చెప్పులరిగేలా తిరిగింది మీరే కదండీ’’ అన్నాడు. అవును, నేనే. చెప్పులరిగితే కుట్టుకోవడానికి మా ఇంట్లో దారం ఉందని చెప్పాను. అతనికి ఏమీ అర్థం కాలేదు.

నారింజల ఇంజనీరమ్మ అక్కడే ఉంది. మధ్యలో దారి, రెండు వైపులా జమ్ము, అదే చేయమన్నాను. ఆ పిల్ల దాచకుండా చెప్పింది: ‘‘మోకాళ్ళ దాకా రావు గానీ, పెద్ద వాన పడితే మీ షాపులోకి కొంచెం వస్తాయి. ఆలోచించుకున్నారా?’’ అని. నీరు పల్లమెరుగు అంటారు. నా పల్లం ఎక్కడుందో నాకిప్పుడు తెలిసిందమ్మా అన్నాను.

వడ్రంగిని పిలిపించి షాపు వెనక గదిలో గోడ పొడుగునా చెక్కతో ఎత్తరుగు కట్టిస్తున్నాను. కోత మిషను ఎక్కించడానికి టైలరూ, ఇంకో నలుగురూ పట్టారు. మిషను ఇప్పుడు సింహాసనం మీద రాజులా ఉంది. షాపు మూసేస్తానన్నాను కదా, మూయడం లేదు. అమ్మాయికి పని ఎక్కువైనప్పుడు పంపడానికి ఒక షాపు ఉండాలి.

ఈ పని నాతో సరి అని ఎన్నోసార్లు రాశాను. ఆ ముక్కలున్న చోట సిరా అలుక్కుపోయి ఉంటే బాగుండును.

మీ బావ,
అట్టలాయన


సెప్టెంబరు 25

బావగారికి,

జమ్ము మళ్ళీ నా భుజాల దాకా వచ్చింది. పిట్టలు తిరిగొచ్చాయి. అవి నిజంగానే ఉన్నాయి బావగారూ, నేను కల్పించినవి కావు. విరిగిన గట్టు దగ్గర కోడలు, అబ్బాయి కలిసి పిలకలు నాటారు.

బడివాళ్ళు పుస్తకాలు తీసుకున్నారు. కొన్ని కొత్తవాటికంటే బాగున్నాయన్నారు. కోడలు వెనక గది తలుపుకు తాళం తీసేసింది. బోర్డు పెడదామంటే, నాన్న వచ్చి పెడతాడంది.

నా చెప్పు నిజంగానే తెగింది. అడిగితే మీరు నమ్మరని కొత్తవి కొనుక్కున్నాను.

మీ బావ,
చెవిటి మిల్లు


అక్టోబరు 12

బావగారికి,

మొన్నటి నుంచి ముసురు. నిన్నటి వాన జూలై వాన కంటే పెద్దది. ఇవాళ ఉదయం వాగు వెనక గుమ్మం ఎక్కి లోపలికి వచ్చింది. నేను అరుగు మీద కూర్చుని చూస్తున్నాను. పోయినేడు లాగా ఎగబడి రాలేదు. ఎవరింటికో మొదటిసారి వచ్చినవాళ్ళలా గుమ్మంలో ఆగి, కొంచెం కొంచెంగా గదంతా పరుచుకుంది. టైలరు పరుగెత్తుకొచ్చి, ‘‘మాస్టారూ, నీళ్ళు! నీళ్ళు!’’ అన్నాడు. తెలుసయ్యా, రానీ అన్నాను. వాడికి నా మీద జాలి కలిగి టీ తెచ్చిచ్చాడు.

ఇప్పుడే అమ్మాయి ఫోను చేసింది. వెనక గది పొడిగా ఉందట. మీరు కమ్మీ మీద చెయ్యి వేసి, ‘‘తీరిగ్గానే వస్తున్నాయి’’ అని నాకు చెప్పమన్నారట. బావగారూ, ఆ మాట విని అరుగు దిగి, కుర్చీ నీళ్ళలోకి లాక్కుని కూర్చున్నాను. ఒళ్ళో అట్ట పెట్టుకుని మీకు రాస్తున్నాను. నీళ్ళు మడమల దాకా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి. ఒక జమ్ము ఆకు కాలి వేళ్ళకు చుట్టుకుంది. నా షాపులోకి నీళ్ళొస్తే నేను ఇంత సంతోషపడతానని ఎవరైనా చెప్పి ఉంటే వాణ్ణి జిగురు గిన్నెతో కొట్టేవాణ్ణి.

మీ ఇంటికి రావలసిన నీళ్ళు కాసేపు నా దగ్గరే ఉంటాయి. సాయంత్రానికి కొంచెం, రేపటికి కొంచెం, మెల్లగా పంపిస్తాను. తొందరేం లేదు.

ఈ ఉత్తరం చూస్తే మీకే తెలుస్తుంది, పాత అలవాటు మానడానికి చాలా కష్టపడ్డాను, రెండు కాగితాలు పాడుచేశాను. ఎడమవైపు వేలెడు ఖాళీ వదిలాను. అమ్మాయికి చూపించండి.

మీ బావ,
అట్టలాయన